పాత బండికి ఎలక్ట్రానిక్ మీటరు: పికప్ ఎక్కడ పెట్టాలి, పల్సులు ఎలా లెక్కగట్టాలి

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఊళ్ళలో ఇరవై, పాతికేళ్ళు దాటిన బండ్లు ఇంకా రోజూ రోడ్డెక్కుతున్నాయి. రొయ్యల గుంటల దగ్గరికి మేత బస్తాలు మోసే స్ప్లెండర్లు, తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చిన ఆర్‌ఎక్స్ 100లు, కాస్ట్ ఐరన్ బుల్లెట్లు. ఇంజన్లు బాగానే ఉంటాయి. మీటరు ముల్లు మాత్రం చాలావాటిలో సున్నా దగ్గరే పడుకుని ఉంటుంది. కేబులు తెగిపోయి ఉంటుంది, లేదంటే ముందు చక్రం హబ్బులో వార్మ్ (కేబులును తిప్పే మర పళ్ళ గేరు) అరిగిపోయి ఉంటుంది. ఒరిజినల్ మీటరు దొరకదు, దొరికిన డూప్లికేటు ఎక్కువ కాలం నిలవదు.

అందుకే కొత్త బండి డిజిటల్ మీటరునీ, దాని పికప్‌నీ (తిరిగే చక్రాన్నో గేరునో పసిగట్టే వేగం సెన్సర్‌ని) తెచ్చి పాత ఇంజన్‌కి తగిలించాలనే కోరిక పెరిగింది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది), 2020 ఏప్రిల్ నుంచి అన్నిటికీ బీఎస్6 (పొగ కాలుష్య ప్రమాణం) తప్పనిసరి అయ్యాయి. వేగం సెన్సర్లు ఇప్పుడు మామూలు విడిభాగాల్లో చేరిపోయాయి, తేవడం కష్టం కాదు. తగిలించాక వచ్చే ఫిర్యాదులు మాత్రం ఎక్కడైనా ఇవే: నిలబడ్డ బండికి మీటరు 40 చూపిస్తుంది, 60లో పోతుంటే 35 చూపిస్తుంది, లేదా ఏమీ చూపించదు. మూడింటికీ కారణాలు వేరు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ జాయింటు) కప్లర్‌లోకి దిగిందా లేదా అన్నదే చూసి పని ముగించేస్తే ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పదు.

ముందు పాత మీటరు సంగతి. 1902లో జర్మనీకి చెందిన ఓటో షుల్జ్ పేటెంటు తీసుకున్న పద్ధతి అది. కేబులు తిప్పే అయస్కాంతం ఒక అల్యూమినియం గిన్నె లోపల తిరుగుతుంది. గిన్నెలో పుట్టే సుడి విద్యుత్తు ఆ గిన్నెను తిరిగే వైపే లాగుతుంది, సన్నని స్ప్రింగు వెనక్కి పట్టి ఉంచుతుంది. ఆ రెండు బలాలు సమానమైన చోట ముల్లు నిలుస్తుంది. బ్యాటరీ అక్కర్లేదు. ఎలక్ట్రానిక్ మీటరులో ఈ లాగుడు ఏదీ లేదు. ఏదో ఒక పన్ను, బోల్టు తల, అయస్కాంతం ముక్క సెన్సర్ ముందు నుంచి దాటినప్పుడల్లా ఒక పల్సు వస్తుంది. మీటరు ఆ పల్సులను కాలంతో భాగిస్తుంది. మీటరు లోపల ఒక స్థిర సంఖ్య రాసి ఉంటుంది: కిలోమీటరుకు ఇన్ని పల్సులు. అసలు బండిలో ఆ సంఖ్య ఎంతో మీ పాత బండిలోనూ అంతే రావాలి. వచ్చే పల్సు కూడా మీటరుకు అర్థమయ్యే ఆకారంలో ఉండాలి. పని అంతా ఈ రెండు షరతుల చుట్టూనే తిరుగుతుంది.

ఇంజన్‌లో ఏ పన్ను రోడ్డు వేగం చెబుతుంది?

చాలా కొత్త బండ్లలో వేగం సెన్సర్ గేర్‌బాక్స్ మీదే ఉంటుంది. దాన్ని చూసి పాత ఇంజన్ క్రాంక్ కేసుకు (ఇంజన్, గేర్లను మూసి ఉంచే అల్యూమినియం పెట్టెకు) కూడా రంధ్రం వేసి సెన్సర్ దించవచ్చు అనుకుంటారు. రంధ్రం వేసే ముందు తెలుసుకోవలసింది ఒకటుంది: ఇంజన్‌లో తిరిగేవన్నీ రోడ్డు వేగాన్ని చెప్పవు.

క్రాంక్ తిరిగేది ఇంజన్ వేగంతో. క్లచ్ వైపు షాఫ్టు, క్లచ్ వదిలి ఉన్నంతసేపు, ఇంజన్ వెంటే తిరుగుతుంది. చైను స్ప్రాకెట్ బిగించిన షాఫ్టు ఒక్కటే వెనక చక్రంతో ముడిపడి ఉంటుంది. ఏ గేరులో ఉన్నా, క్లచ్ పట్టుకున్నా, చక్రం తిరిగితే అది తిరుగుతుంది, చక్రం ఆగితే ఆగుతుంది. కాబట్టి చదవవలసింది ఆ షాఫ్టునే.

అయితే ఆ షాఫ్టు మీద ఉన్న పళ్ళ చక్రాలన్నీ దానితో కలిసి తిరగవు. ఈ గేర్‌బాక్సుల్లో పళ్ళ చక్రాలు ఎప్పుడూ జతలు జతలుగా కరుచుకునే ఉంటాయి. ప్రతి జతలో ఒకటి తన షాఫ్టుకు బిగిసి ఉంటుంది, రెండోది తన షాఫ్టు మీద వదులుగా తిరుగుతుంటుంది. మనం గేరు వేసినప్పుడు ఆ వదులుగా ఉన్నది షాఫ్టుకు లాక్ అవుతుంది. స్ప్రాకెట్ షాఫ్టు మీద వదులుగా ఉన్న పళ్ళ చక్రం ముందు సెన్సర్ పెట్టారంటే అది చదివేది క్లచ్ వైపు షాఫ్టు వేగాన్ని. ఒక గేరులో మీటరు సరిగ్గా చూపిస్తుంది, మిగిలిన గేర్లలో అబద్ధం చెబుతుంది. న్యూట్రల్‌లో నిలబడి ఉన్నా ఏదో ఒక వేగం చూపిస్తుంది. షాఫ్టుకు బిగిసి తిరిగే వాటిలోనూ కొన్ని గేరు మార్చినప్పుడల్లా పక్కకు జరుగుతాయి, అప్పుడు సెన్సర్ ముందు నుంచి తప్పుకుంటాయి. షాఫ్టుతో కలిసి తిరగాలి, పక్కకు జరగకూడదు, కేసు గోడకు దగ్గరగా ఉండాలి. సెన్సర్ కోసం తయారుచేసిన ఇంజన్‌లో కంపెనీవాళ్ళు ఈ మూడూ చూసుకునే ఆ చోట కేసు పోతపోసేటప్పుడే సెన్సర్ బిగించడానికి ఒక గట్టు వదిలిపెడతారు. 1985లో వచ్చిన సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ కేబులు కోసం చేసిన బండ్లు. ఆ ఇంజన్లలో అలాంటి చోటు వెతకడంలో అర్థం లేదు.

కాబట్టి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: పోతలో గట్టు లేని పాత క్రాంక్ కేసుకు రంధ్రం వేయవద్దు. అల్యూమినియం పొడి గేర్‌బాక్సులో పడుతుంది. ఆయిలు కారని విధంగా సీటు చేయడం కష్టం. అన్నిటికంటే ముఖ్యంగా, వేసిన రంధ్రాన్ని వెనక్కి తీసుకోలేం, మంచి పాత కేసులు రానురాను దొరకవు.

అదే కుటుంబానికి చెందిన తర్వాతి ఇంజన్ కేసులో గట్టు, రంధ్రం ఉండి, మీరు వేరే మోడల్ సెన్సర్ దించుతున్నట్టయితే సంగతి వేరు. అప్పుడు చూడవలసినవి పొడవు, కోణం. సెన్సర్ కొనకూ పంటి కొనకూ మధ్య ఖాళీ ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా ఉంటే మంచిది. ఎక్కువైతే సిగ్నల్ రాదు. తక్కువై తగిలిందంటే సెన్సర్ ముక్కలు గేర్లలో పడతాయి. దీన్ని కొలవడానికి పిల్లలు ఆడుకునే క్లే చాలు. సెన్సర్ కొనకు చిన్న ముద్ద అంటించి, దించి, బిగించి, మళ్ళీ తీసి, నొక్కుకుపోయిన చోట మందం చూడండి. పన్నుకు ఎదురుగా వచ్చిందో, రెండు పళ్ళ సందుకు వచ్చిందో కూడా ఆ ముద్ర మీదే కనిపిస్తుంది. మిగిలిన క్లే అంతా తుడిచేశాకే చివరిసారి బిగించాలి. పొడవు ఎక్కువగా ఉంటే కింద వాషరు వేయవచ్చు, ఓ-రింగు (ఆయిలు కారకుండా ఆపే రబ్బరు చుట్టు) మాత్రం సీటు మీదే కూర్చోవాలి. ఇక కోణం: పళ్ళను చదివే చాలా హాల్ సెన్సర్లలో (అయస్కాంత బలంలో మార్పును పసిగట్టేవి, వివరం కింద ఉంది) పక్కపక్కనే రెండు హాల్ ముక్కలుంటాయి, పన్ను ఒకదాని తర్వాత ఒకదాన్ని దాటాలి. సెన్సర్‌ను పావు చుట్టు తిప్పి బిగిస్తే పన్ను రెండింటినీ ఒకేసారి దాటుతుంది, సిగ్నల్ చచ్చిపోతుంది. అసలు బండిలో బోల్టు చెవి ఏ దిక్కున ఉందో చూసి అదే దిక్కున పెట్టాలి.

ఇంజన్ వైపే పెట్టాలని ఉంటే కేసు బయట ఇంకో చోటు ఉంది: ముందు స్ప్రాకెట్. దాని పళ్ళను నేరుగా చదవడం మంచిది కాదు, చైను రోలర్లు పళ్ళ సందులను నింపేస్తాయి. చిన్న హోండా ఇంజన్లలో స్ప్రాకెట్‌ను పట్టి ఉంచే ప్లేటుకు రెండు బోల్టులు ఉంటాయి. ఆ బోల్టు తలలను స్ప్రాకెట్ కవరు నుంచి ఒక ప్రాక్సిమిటీ సెన్సర్‌తో (దగ్గరికి వచ్చిన లోహాన్ని తాకకుండానే పసిగట్టేది) చదవవచ్చు. చైను మురికి, ఆయిలు దీనికి అడ్డు కావు. కవరు పాడైనా కొత్తది దొరుకుతుంది. పాత బుల్లెట్‌కు ఈ దారి లేదు. దాని గేర్‌బాక్స్ ఇంజన్ నుంచి విడిగా ఉంటుంది, స్ప్రాకెట్ క్లచ్ వెనక ప్రైమరీ చైన్ కేసు చాటున ఉంటుంది. బుల్లెట్‌కు చక్రమే దిక్కు.

ఇంజన్ వైపు చదివే ఏ పద్ధతికైనా ఒక లోటు ఉంది. స్ప్రాకెట్ మార్చారంటే మీటరు తప్పుతుంది. 14 పళ్ళది తీసి 15 పళ్ళది వేస్తే అదే రోడ్డు వేగానికి షాఫ్టు తక్కువ చుట్లు తిరుగుతుంది. అసలు 60లో పోతుంటే మీటరు 56 చూపిస్తుంది. అందుకే రోజూ నడిచే బండికి నేను ముందు చక్రాన్నే ఎంచుకుంటాను. దానికి చైనుతో, గేర్లతో సంబంధం లేదు.

అన్నిటికంటే శుభ్రమైన మార్గం హబ్బులోని వార్మ్ బాగుంటే దాన్నే వాడుకోవడం. కేబులు తీసేసి, అది బిగిసే మర మీదే నేరుగా బిగించే చిన్న సెన్సర్ డబ్బాలు ఉన్నాయి. వార్మ్ తిప్పే చదరపు కడ్డీ లోపల చిన్న అయస్కాంతాన్ని తిప్పుతుంది. బండికి ఎక్కడా కోత, రంధ్రం ఉండవు, రేపు కేబులు మీటరు దొరికితే అరగంటలో వెనక్కి మార్చుకోవచ్చు.

సెన్సర్ రకాలు

రెండు వైర్లు ఉన్నవన్నీ ఒకటి కావు, మూడు వైర్లు ఉన్నవీ అంతే. రంగులను నమ్మవద్దు, మల్టీమీటరు పెట్టి చూడండి.

రీడ్ స్విచ్ రెండు వైర్లది. అయస్కాంతం దగ్గరికి రాగానే గాజు గొట్టంలోని రెండు రేకులు అతుక్కుంటాయి. మల్టీమీటరు బీప్‌లో పెట్టి అయస్కాంతం చూపిస్తే తెలిసిపోతుంది. కరెంటు అక్కర్లేదు, చవక. గుంతల రోడ్డు మీద రేకులు అదిరి ఒక పల్సు రెండుగా లెక్కపడే ప్రమాదం ఉంది.

కాయిల్ పికప్ కూడా రెండు వైర్లదే. అయస్కాంతం చుట్టూ చుట్టిన తీగ అది, పన్ను దాటినప్పుడు తనే వోల్టేజీ పుట్టిస్తుంది. వేగం తగ్గితే వోల్టేజీ కూడా తగ్గుతుంది, నడక వేగంలో దాదాపు ఏమీ రాదు. పైగా వచ్చేది పైకీ కిందకీ ఊగే అల. చదరపు పల్సు ఆశించే మీటరుకు దాన్ని నేరుగా ఇస్తే కొన్నిసార్లు చదువుతుంది, కొన్నిసార్లు చదవదు. మధ్యలో ఆ అలను చదరపు పల్సుగా మార్చే కంపారేటర్ సర్క్యూట్ ఉండాలి. కొత్త మీటరుకు పాత కాయిల్ పికప్ తగిలించి పనిచేయలేదని మీటరును తిట్టడం సరికాదు.

మూడోది హాల్ సెన్సర్. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రం ఇది. మూడు వైర్లు ఉంటాయి: కరెంటు, ఎర్త్, సిగ్నల్. ఎంత నిదానంగా కదిలినా చదువుతుంది. దీని సిగ్నల్ వైరు సాధారణంగా తనంతట తాను వోల్టేజీ ఇవ్వదు, ఎర్త్‌కు కలపడం, వదిలేయడం మాత్రమే చేస్తుంది. వదిలేసినప్పుడు పైకి లాగే రెసిస్టర్ మీటరులో ఉండాలి. లేకపోతే బయట 10 కిలో ఓములది ఒకటి వేయాలి. చాలాసార్లు కొత్త సెన్సర్ చచ్చిందని పక్కన పడేసేది ఈ ఒక్క రెసిస్టర్ లేకనే.

చక్రానికి అయస్కాంతాలు అంటించేటప్పుడు హాల్‌లోనూ రెండు జాతులున్నాయని గుర్తుంచుకోవాలి. ఒకటి దక్షిణ ధ్రువం రాగానే ఆన్, పోగానే ఆఫ్. దీనికి అన్ని అయస్కాంతాలూ ఒకే ముఖం బయటికి పెట్టాలి. రెండోది లాచ్ రకం, దక్షిణం వస్తే ఆన్ అయి ఉత్తరం వచ్చేదాకా అలాగే ఉంటుంది. దీనికి ముఖాలు మార్చి మార్చి పెట్టాలి. లాచ్ రకానికి ఒకే ముఖం చూపిస్తూ పోతే ఒక్కసారి ఆన్ అయి, ఇక కదలదు. మామూలు నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతాయి కాబట్టి డిస్కు బ్రేకు దగ్గర పెట్టవద్దు.

లెక్క

టైరు మీద రాసిన కొలత నుంచి చుట్టుకొలత తీయవచ్చు, కానీ మనిషి కూర్చుంటే టైరు నొక్కుకుంటుంది. సరైన గాలి పెట్టి, మీరు బండి మీద కూర్చుని, టైరుకూ నేలకూ సుద్దముక్కతో గీత పెట్టి, చక్రం మూడు చుట్లు తిరిగేదాకా ఒకరి చేత నెట్టించి, దూరాన్ని మూడుతో భాగించండి. 2.75-18 టైరుకు 1.88 మీటర్లు వచ్చిందనుకుందాం. అంటే కిలోమీటరుకు చక్రం 532 చుట్లు.

చక్రానికి ఒకే అయస్కాంతం పెడితే 60 వేగంలో సెకనుకు సుమారు తొమ్మిది పల్సులు వస్తాయి. అది పర్వాలేదు. 5 వేగంలో మాత్రం సెకనుకు ఒక్కటి కూడా రాదు, మీటరు సున్నాకూ ఐదుకూ మధ్య గెంతుతుంది. నాలుగైనా పెట్టాలి.

అంకెలు మార్చుకునే వీలున్న మీటరైతే చుట్టుకొలత, చుట్టుకు పల్సులు నింపేస్తే పని అయిపోతుంది. హబ్బుకు బిగించే డబ్బా అయితే చక్రం ఒక చుట్టుకు కడ్డీ ఎన్ని చుట్లు తిరుగుతుందో కూడా కావాలి. జపాన్ ప్రమాణాన్ని అనుసరించే చాలా బండ్లలో కిలోమీటరుకు 1,400 చుట్లు అని లెక్క. అయినా చక్రాన్ని చేత్తో పది చుట్లు తిప్పి కడ్డీ చుట్లు లెక్కపెట్టుకోవడమే మంచిది, హబ్బు ఎప్పుడో మారి ఉండవచ్చు.

కంపెనీ బండి నుంచి తీసిన మీటరుతో చిక్కు వస్తుంది, దాని అంకె మార్చలేం. ఉదాహరణకు ఆ బండి చక్రం చుట్టుకొలత 1.95 మీటర్లు, చక్రానికి బిగించిన, సెన్సర్ చదివే పళ్ళ రింగుకు 48 పళ్ళు అనుకోండి. కిలోమీటరుకు 513 చుట్లు, దాదాపు 24,600 పల్సులు. మన చక్రం 532 చుట్లు తిరుగుతుంది కాబట్టి మనకు కావలసింది 46.3 పళ్ళు. ఆ 48 పళ్ళ రింగునే పెడితే మీటరు నూటికి 3.7 ఎక్కువ చూపిస్తుంది. 46 పెడితే కొంచెం తక్కువ చూపిస్తుంది, 47 పెడితే 1.6 ఎక్కువ. నేనైతే 47 కోయిస్తాను. లేత్ షాపులో మైల్డ్ స్టీలు రేకు ఇచ్చి చెప్పండి. అల్యూమినియం వద్దు, అయస్కాంతం అతుక్కోని 304 స్టెయిన్‌లెస్ కూడా వద్దు, హాల్ సెన్సర్ వాటిని చూడదు. రింగు కోయించడం కుదరకపోతే పల్సుల సంఖ్యను మార్చి ఇచ్చే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు మధ్యలో పెట్టవచ్చు.

తక్కువ చూపించేదాన్ని ఎందుకు వదిలేశాను? మీటరు అసలు వేగం కంటే తక్కువ ఎప్పుడూ చూపించకూడదు. ఐక్యరాజ్యసమితి 39వ రెగ్యులేషన్ ప్రకారం మోడల్ ఆమోద పరీక్షలో ఎక్కువ చూపించడానికి ఉన్న హద్దు, అసలు వేగంలో పదో వంతుకు 4 కిలోమీటర్లు కలిపినంత. 60కి 70 దాకా. తక్కువకు మాత్రం హద్దే లేదు, సున్నా. మన కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో స్పీడోమీటరు సంగతి 117వ నియమంలో ఉంది. పని చేసే మీటరు ఉండటం బండికి అలంకారం కాదు.

నిలబడ్డ బండికి వేగం చూపిస్తే

దీనికి రెండు కారణాలుంటాయి, వాటిని విడదీయడం తేలిక. బండిని నిలబెట్టి న్యూట్రల్‌లో రైజ్ చేయండి. తర్వాత మొదటి గేరు వేసి, క్లచ్ పూర్తిగా పట్టుకుని, బ్రేకు మీద మళ్ళీ రైజ్ చేయండి. ఈ రెండోసారి గేర్‌బాక్సులో షాఫ్టులు రెండూ ఆగి ఉంటాయి, తిరిగేది ఇంజన్ మాత్రమే. అప్పుడు కూడా మీటరు కదిలితే స్పార్కు ప్లగ్గు నుంచి వచ్చే అలజడిని సిగ్నల్ వైరు పట్టుకుంటోందని అర్థం. న్యూట్రల్‌లో చూపించి, రెండోసారి సున్నాకు పడితే సెన్సర్ తప్పు పన్నును చూస్తోంది.

అలజడికి మందు: సిగ్నల్ వైరును ప్లగ్గు వైరుకు, సీడీఐకి (ప్లగ్గుకు స్పార్కు పుట్టించే డబ్బాకి) దూరంగా ట్యాంకు అవతలి పక్క నుంచి లాగాలి. రెసిస్టర్ ఉన్న ప్లగ్గు క్యాపు వేయాలి. షీల్డు వైరైతే షీల్డును ఒక్క చివరే ఎర్త్ చేయాలి. కరెంటు ఎక్కడి నుంచి తీస్తున్నారో కూడా చూడాలి. పాత స్ప్లెండర్ లాంటి బండ్లలో హెడ్‌లైటుకు వెళ్ళేది మాగ్నెట్ కాయిల్ నుంచి నేరుగా వచ్చే ఏసీ. ఆ వైరుకు మీటరు తగిలిస్తే కాలిపోతుంది. తాళం స్విచ్ తర్వాత ఉన్న బ్యాటరీ లైను నుంచే చిన్న ఫ్యూజుతో తీయాలి. 6 వోల్టుల పాత బుల్లెట్‌కు 12 వోల్టుల మీటరు పెట్టే ముందు బండి వైరింగే మార్చుకోవాలి.

మా ప్రాంతానికి సంబంధించింది ఇంకొకటి ఉంది. మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు ఉప్పు గాలికి కప్లర్ పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. కేబులు తుప్పు పట్టినా కొన్నాళ్ళు తిరుగుతుంది కానీ చిలుము పట్టిన పిన్ను పల్సును మధ్యమధ్యలో మింగేస్తుంది. మీటరు ఉన్నట్టుండి సగానికి పడి మళ్ళీ లేస్తుంటే మొదట కప్లర్ విప్పి చూడండి. రబ్బరు సీలు ఉన్న కప్లర్ వాడి, పిన్నులకు డైఎలక్ట్రిక్ గ్రీజు పెట్టాలి. చీమకుర్తి వైపు తిరిగే బండ్లకు గ్రానైట్ పొడి వానలో బురదై సెన్సర్ ముందు గట్టిపడుతుంది, చక్రం కడిగినప్పుడల్లా ఆ సందు కూడా కడగాలి. గేర్‌బాక్సులో పెట్టిన సెన్సర్ కొనకు సన్నని ఇనుప రజను అతుక్కుంటుంది, ఆయిలు మార్చినప్పుడు తీసి తుడవండి.

సరిచూసుకోవడానికి జాతీయ రహదారి 16 చాలు. కోవూరు దాటాక కావలి వైపు వెళ్తూ పసుపు తల కిలోమీటరు రాళ్ళ మధ్య ఓడోమీటరు చూడండి. ఒక్క కిలోమీటరుతో తేల్చవద్దు, కనీసం పది పోవాలి. వేగం కోసం ఫోను జీపీఎస్ చూడవచ్చు, అది ఒకటి రెండు సెకన్లు వెనకబడుతుంది కాబట్టి ఒకే వేగంలో కాసేపు పోయాకే అంకె పోల్చండి. ఫోను చూసే పని వెనక కూర్చున్నవారికి అప్పగించండి. రాళ్ళ లెక్కలోనూ జీపీఎస్‌లోనూ తేడా ఒకే శాతం వస్తే మీ పల్సుల అంకె మార్చాలి. రెండూ పొంతన లేకుండా వస్తే పల్సులు ఎక్కడో పోతున్నాయి, వైరింగుకు తిరిగి వెళ్ళాలి.

కొత్త మీటరు ఓడోమీటరు సున్నా నుంచో, పాత యజమాని తిరిగిన దూరం నుంచో మొదలవుతుంది. మార్చిన రోజు పాత మీటరులో ఉన్న అంకె, కొత్తదానిలో ఉన్న అంకె, తేదీ మూడూ సర్వీసు పుస్తకంలో రాసి పెట్టండి, పాత మీటరును పారేయకండి. బండి అమ్మేటప్పుడు ఆ పేజీనీ ఆ మీటరునీ కొనేవాళ్ళకు చూపించి ఇవ్వాలి.